చీకటి దొడ్డి

నాగళ్లు కట్టే నెల నాలుగో రోజు, రెండో జాములో, దివ్వెలకోన గుట్ట మీది పన్నెండు దివ్వెలు చెదిరి అడవిలోకి పోయాయి. నడుమ పెద్దది ఒకటి, దాని చుట్టూ తిరిగే చిన్నవి పదకొండు. ఆ రాజ్యానికి వేరే సూర్యుడు లేడు.

రాజు దివ్వెల కాపరి గంగన్నను చెరలో వేశాడు. ఏడు రోజుల్లో వెలుగు రాకపోతే కొరత వేయిస్తానన్నాడు.

గంగన్న కూతురు ఓబులమ్మ గొంగళి తీసుకుని అడవికి వెళ్లింది. మూడు రోజుల్లో పన్నెండింటినీ పట్టి, మూటగట్టి తెచ్చి, గుట్ట మీద వదిలింది. అవి మళ్లీ చెదిరాయి. మళ్లీ పట్టింది. అప్పుడు పుల్లలేరుకునే ముసలమ్మ ఒకతె ఎదురైంది.

"ఎన్నిసార్లు పడతావు పాపా? దొడ్డి లేకుంటే మంద నిలుస్తాదా?"

"దివ్వెలకు దొడ్డి యాడుందవ్వా?"

"చీకటే దొడ్డి. కంటికి ఆనదు. మీ నాయన దినామూ దివ్వెల్ని లెక్కపెట్టినాడే గానీ, దొడ్డిని ఒక్కనాడన్నా తడిమి చూసినాడా? రాక్షసుడు దాన్ని గోనెలో కట్టుకుని పోయినాడు. ఇను. తేలిక చీకటి ఒక్క దివ్వెనీ పట్టలేదు. బరువుంటే నడుమ ఒకటి నిలుస్తాది. ఇంకా బరువైతే చుట్టూ పిల్లలు చేరతాయి."

ఆరో రోజు ఓబులమ్మ ముసలమ్మ చూపిన దారిన రాక్షసుడి గుహ చేరింది. గుమ్మం బయట మనుషుల చెప్పులు పదిహేడు జతలున్నాయి. లోపల మూడు గోనెలున్నాయి. ఓబులమ్మ తమ చీకటి ఇమ్మని అడిగింది.

"మీది ఏదో చెప్పి తీసుకుపో. తప్పినావో, నీ చెప్పులు కూడా అక్కడే," అన్నాడు రాక్షసుడు.

"మూతులు విప్పు మామా, చూస్తా."

"చీకట్లో చూసేదేముందే?" అని నవ్వి మొదటిది విప్పాడు. ఓబులమ్మ గొంగళి తెరిచింది. ఒక్క దివ్వె కూడా గోనె దగ్గరికి పోలేదు. రెండోది విప్పాడు. పెద్ద దివ్వె దాని నడుమ నిలిచింది. పదకొండూ చుట్టూ తిరిగాయి. మూడోది విప్పగానే పన్నెండూ అటు మళ్లాయి. తూర్పు నుంచి మరో రెండు వచ్చి చేరాయి.

"ఇదే తీసుకోరాదూ. ఎక్కువొస్తే చేదా?"

"అవి ఎవరి మందవో? మాది రెండోది. ముందు ఈ మూడోదాని మూతి కట్టు."

రాక్షసుడు కట్టాడు. పన్నెండూ రెండోదాని దగ్గరికి మళ్లాయి, ఆ రెండూ తూర్పుకు పోయాయి.

ఏడో రోజు ఓబులమ్మ గుట్ట మీద గోనె విప్పింది. రాజు పన్నెండు లెక్కపెట్టి గంగన్న సంకెళ్లు తీయించాడు. దొడ్డి కాపు ఓబులమ్మకు ఇచ్చాడు. నాటి నుంచి అక్కడి కాపరులు దివ్వెలను లెక్కపెట్టే ముందు చేతులు చాచి గుట్ట చుట్టూ నడుస్తారు.

ఎనిమిదో రోజు తూర్పు దేశం నుంచి కబురు వచ్చింది. వాళ్ల రెండు దివ్వెలు తిరిగి చేరాయి. ఆ మూడో గోనె మాత్రం గుహలోనే ఉంది.