మేడమ్‌గారి మూడు రోజుల ప్రశాంతత

"ఫోన్ ఇటివ్వండమ్మా. ఈ మూడు రోజులూ మీ భారం మేం మోస్తాం," అంది గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి, పసిపాపను నిద్రపుచ్చే గొంతుతో.

"ఈ ఫోను రెండొందల గ్రాములు కూడా ఉండదు. నేనే మోసుకోగలను," అంది మేడమ్.

మేడమ్ అంటే డ్రైవింగ్ స్కూల్ మేడమ్. మూడు కార్లు, నెలకు నలభై మంది స్టూడెంట్లు, ఒక కూతురు. భర్త పోయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఆవిడ కూర్చున్నదల్లా కారు సీట్లోనే. పక్క సీట్లో కూర్చుని తిట్టడం ఆవిడ వృత్తి. ఆ వృత్తిని ఇంటికి కూడా తీసుకెళుతుందని కూతురి ఫిర్యాదు.

ఆ కూతురే తల్లిని ఈ పల్లెటూరి విశ్రాంతి కేంద్రంలో దింపి, కారు ఇంజన్ ఆపకుండానే చెప్పింది.

"అమ్మా, ఇంకో మాట. మెకానిక్ అంకుల్ శనివారం ఊరు వదిలి వెళ్ళిపోతున్నారు. బస్ డిపోలో ఉద్యోగం వచ్చిందట. సోమవారం చేరాలట."

"పోతే పోనీ. మెకానిక్‌లకు కరువొచ్చిందా?"

"ఆయన నిన్ను ఒక మాట అడిగి పది రోజులైంది. నువ్వేం చెప్పావ్?"

"చూద్దాం అన్నాను."

"అయితే అయిపోయినట్టే," అని కూతురు గేరు వేసింది. ఆ గేరు సరిగ్గా పడలేదని మేడమ్ ఆ దుమ్ములోనే నిలబడి అరిచింది.

ఆ అడిగిన తీరు కూడా చెప్పుకోవాలి. ఎనిమిదేళ్ళుగా స్కూలు కార్లు బాగుచేస్తున్న మనిషి, భార్యతో విడాకులై ఒంటరిగా ఉంటున్నవాడు, మొన్నొక మధ్యాహ్నం కారు కింద పడుకుని, "మేడమ్, మనం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందంటారు?" అన్నాడు. పువ్వుల్లేవు, పాట లేదు, కనీసం మొహం కూడా లేదు. కారు కింద నుంచి బయటికొచ్చిన రెండు కాళ్ళు, అరిగిన చెప్పులు, అంతే. నలభై ఆరేళ్ళ వయసులో రెండు కాళ్ళతో ప్రేమ మాటలేమిటని మేడమ్‌కు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండిందనే ఆవిడ తనకు తాను చెప్పుకుంది. మరి ఆ రోజంతా స్టూడెంట్లను ఒక్క తిట్టు కూడా ఎందుకు తిట్టలేదో ఆవిడకే తెలియాలి.

ఇక ఆ విశ్రాంతి కేంద్రం. తెల్ల గోడలు, తెల్ల దుప్పట్లు, తెల్లబట్టల మనుషులు. అందరూ జబ్బు మనిషి గదిలోకి వచ్చినట్టు నడుస్తారు. పొద్దున్నే ఒక ఆకుపచ్చ రసం ఇస్తారు. మధ్యాహ్నం ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కూరగాయలు ఇస్తారు, పైగా వాటిని కృతజ్ఞతతో నమలమంటారు.

"ఒక్కో ముద్ద నలభైసార్లు నమలాలమ్మా," అంది గేటు దగ్గర కనిపించిన ఆ అమ్మాయే. ఊపిరి పాఠాలు చెప్పేదీ ఆమే. మేడమ్ ఆమెకు అప్పటికే మెత్తమ్మ అని పేరు పెట్టేసింది.

"నలభైసార్లు నమలడానికి ఇందులో ఏముంది తల్లీ? రెండోసారికే నీళ్ళైపోతోంది."

రెండో రోజు అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి తలా ఒక గులకరాయి ఇచ్చారు. మనసులో బరువేదో ఆ రాయికి చెప్పుకోవాలట. బ్యాంకులో పనిచేసే ఒకావిడ తన రాయికి అత్తగారి గురించి అరగంట చెప్పింది. ఒక పెద్దాయన తన రాయితో మాట్లాడుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"మీరూ చెప్పండమ్మా," అంది మెత్తమ్మ.

"నా మాటలు వినడానికి నలభై మంది డబ్బిచ్చి మరీ వస్తారు. రాయికి ఊరికే ఎందుకు చెప్పాలి?"

అందరూ జాలిగా చూశారు. ఆ జాలి చూస్తే మేడమ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. విసురుగా లేచి తోటలోకి వెళ్ళిపోయింది. అక్కడ పాత వ్యాను ఒకటి చెట్టు కింద నిలబెట్టి ఉంది. రెండు రోజుల్లో ఆవిడకు నచ్చిన మొదటి వస్తువు అదే.

మెత్తమ్మ వెనకే వచ్చింది. "మీరు డ్రైవింగ్ నేర్పుతారట కదమ్మా."

"నేర్పుతాను. ఊపిరి పీల్చడం నేర్పడం కంటే కష్టం అది."

మెత్తమ్మ ఆ ఎత్తిపొడుపును పట్టించుకోలేదు. అటూ ఇటూ చూసి, మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడింది. "మా డ్రైవర్ మానేశాడు మేడమ్. గెస్టుల్ని ఇక నేనే తీసుకురావాలని మేనేజర్ గొడవ. లైసెన్స్ టెస్టుకి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ తప్పాను. ఈసారి కూడా తప్పితే ఇక్కణ్ణించి వెళ్ళిపోవాల్సిందే."

"ఎందుకు తప్పావు?"

"భయం మేడమ్."

"భయం పోగొట్టే పాఠాలు చెప్పే నీకే భయమా?" అని మేడమ్ నవ్వింది. రెండు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. అందులో జాలి పాలు తక్కువే గానీ బొత్తిగా లేకపోలేదు. "రేపు పొద్దున్న రా. చూస్తాను."

శనివారం పొద్దున్న మేనేజర్ టౌనుకు వెళ్ళాడు. మెత్తమ్మ స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్కన మేడమ్. చెట్ల మధ్య మట్టిదారిలో వ్యాను పది నిమిషాలు బాగానే పాకింది.

"క్లచ్ మెల్లగా వదులు. మెల్లగా అంటే అర్థం తెలుసా? రెండు రోజులుగా నువ్వు నాకు చెబుతున్న మాటే అది."

దారి చివర మలుపు. మలుపు పక్కన తామరల కోసం నేలలోకి తవ్విన నీటి తొట్టె. తొట్టెను చూడగానే మెత్తమ్మ చేతులు బిగుసుకుపోయాయి.

"గాభరా పడకు. నెమ్మదించు," అంది మేడమ్.

ఏ స్టూడెంటైనా ఆ మాటకు బ్రేకు వేస్తాడు. మెత్తమ్మ నాలుగేళ్ళుగా నేర్పేదీ, నేర్చుకున్నదీ వేరు. గాభరా వేస్తే ఏం చేయాలో ఆమెకు ఒక్కటే తెలుసు. హాయిగా కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పొట్ట నిండా ఊపిరి పీల్చింది.

ఆ ఊపిరి వదిలేలోపు వ్యాను ముందు చక్రాలు రెండూ తామరల మధ్య ఉన్నాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేడమ్ తలుపు తీసుకుని మోకాలి లోతు బురదలో దిగింది. ముప్ఫై మంది స్టూడెంట్లకు సరిపడా తిట్లు నోటిదాకా వచ్చాయి. కానీ మెత్తమ్మ ఏడుస్తోంది. మెత్తగా కాదు, వెక్కివెక్కి, ముక్కు కారుతూ, మనుషులు ఏడ్చినట్టే ఏడుస్తోంది.

"సాయంత్రం మేనేజర్ వచ్చి చూస్తే నా పని అయిపోయినట్టే మేడమ్."

"ఏడుపాపు. ఫోన్లు ఎక్కడ?"

"లాకర్లో. తాళం మేనేజర్ దగ్గరుంది. ఆఫీసులో మామూలు ఫోనొకటి ఉంది."

"పద."

ఆఫీసులో ఫోను ముందు నిలబడి మెత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "మీ అమ్మాయికి చేద్దామా మేడమ్? నంబర్ చెప్పండి."

"దాని నంబర్ నాకేం తెలుసు? ఫోన్లో ఉంది."

"మరి మీ స్కూల్ నంబర్?"

"అదీ ఫోన్లోనే."

మేడమ్ రిసీవర్ లాక్కుని పది అంకెలు గబగబా నొక్కేసింది. ఆలోచించలేదు, తడబడలేదు. అవతల ఫోను మోగుతుండగా ఆవిడకు తను ఏం చేసిందో తెలిసింది. పెట్టేయబోయింది. ఈలోపే అవతలి గొంతు వినిపించింది.

"హలో."

"నేను," అంది మేడమ్.

"చెప్పండి మేడమ్. ఏ బండి?"

ఎనిమిదేళ్ళుగా అదే ప్రశ్న. ఆవిడ గబగబా సంగతి చెప్పి, దారి చెప్పింది.

అతను వచ్చేసరికి గంటన్నర పట్టింది. అప్పటికి వాన మొదలైంది. ఆ వాన కూడా ఆ కేంద్రంలో చేరిన వానలాగే ఉంది, చప్పుడు చేస్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని సన్నగా, వినయంగా పడుతోంది. మెకానిక్ చిన్న లారీ ఒకటి వేసుకొచ్చాడు. వెనక పెట్టెలు, స్టవ్, మడత కుర్చీ, పైన తాడుతో కట్టిన పరుపు. ఇల్లు మొత్తం అందులోనే ఉంది. ఊరు దాటుతుంటే ఫోన్ వచ్చిందట, అక్కణ్ణించే బండి తిప్పాడు.

అతను తొట్టెను చూశాడు, వ్యానును చూశాడు, మోకాళ్ళ దాకా బురద అంటిన మేడమ్‌ను చూశాడు. ఆ చూపు అక్కడ కొంచెం ఎక్కువసేపే ఆగింది.

"నవ్వితే ఊరుకోను," అంది మేడమ్.

"నేనేం నవ్వలేదు మేడమ్. నడిపిందెవరు?"

"ఈ అమ్మాయి."

"నేర్పింది?"

"పని చూడండి."

అతను గొలుసు తగిలించి, లారీతో లాగి, పావుగంటలో వ్యానును గట్టెక్కించాడు. బానెట్ తెరిచి నీళ్ళు తుడిచాడు. ఇంజన్ మూడోసారికి స్టార్టయింది. మెత్తమ్మ రెండు చేతులూ జోడించింది.

"మీరు దేవుడిలా వచ్చారు సార్. మేడమ్‌కు మీ నంబర్ ఒక్కటే నోటికి వచ్చు. కూతురి నంబర్ కూడా రాదట."

ఈ శాంతి పాఠాలు చెప్పేవాళ్ళకు నోరు మూసుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు. మేడమ్ కళ్ళెర్రజేసింది. మెత్తమ్మ అప్పుడు గానీ విషయం గ్రహించి, టవల్ తెస్తానంటూ లోపలికి పరుగెత్తింది.

మెకానిక్ గొలుసు చుట్టి పెడుతూ అడిగాడు. "ఎప్పుడు నేర్చుకున్నారు?"

"నేర్చుకోవడమేమిటి? బళ్ళు అన్నిసార్లు పాడైతే అదే వస్తుంది."

"నేను చూసే బళ్ళు అన్నిసార్లు పాడవవు మేడమ్. సగంసార్లు ఏదో శబ్దం వస్తోందని మీరు పిలిచేవారు. వచ్చి చూస్తే ఏ శబ్దమూ ఉండేది కాదు. టీ తాగి వెళ్ళిపోయేవాణ్ణి."

"తెలిసి కూడా ఎందుకు వచ్చేవారు మరి?"

"టీ కోసం," అన్నాడతను, నవ్వకుండా.

పదకొండేళ్ళుగా ఎవరికీ ఎదురు చెప్పే అవకాశం ఇవ్వని మనిషి, తలొంచుకుని వ్యాను చక్రానికి అంటిన బురద తామరాకులు పీకసాగింది. వాన చుక్కలు కనురెప్పల మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"మీరు చూద్దాం అన్నారు," అన్నాడతను మెల్లగా. "మీ దగ్గర చూద్దాం అంటే ఫెయిలని స్కూల్లో పిల్లలందరికీ తెలుసు. రోజూ మిమ్మల్ని చూస్తూ అక్కడే ఉండటం నావల్ల కాలేదు. అందుకే ఆ ఉద్యోగం ఒప్పుకున్నాను."

"కారు కింద నుంచి అడిగితే ఇంకేం చెప్పమంటారు?"

"మొహం చూసి అడిగే ధైర్యం లేక."

"నాకు మాత్రం ఉందా?" అంది మేడమ్. గొంతులో ఎప్పుడూ ఉండే కరుకుదనం లేదు, అది ఆవిడకే వింతగా తోచింది. "ఇష్టం లేక కాదు. భయమేసింది. ఒకసారి ఉన్న మనిషి లేకుండా పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్ళీ ఒకరికి అలవాటు పడటమెందుకులే అనుకున్నాను. తీరా చూస్తే ఎప్పుడో పడిపోయే ఉన్నాను. తెలివితక్కువదాన్ని."

"మీరు తెలివితక్కువవారని నేనంటే ఒప్పుకుంటారా?"

"మీరంటే ఊరుకోను."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వకూడదనుకుంది, కుదరలేదు.

"మరి డిపోలో సోమవారం చేరాలి కదా. వాళ్ళకేమని చెప్పను?" అన్నాడు.

"పెళ్ళి కుదిరింది, రానని చెప్పండి."

"ఎవరితో అంటే?"

"నోటి దురుసు మనిషితో అని చెప్పండి. జాలిపడి వదిలేస్తారు."

అతను అడుగు దగ్గరికి వేసి, బురద చేతులని గుర్తొచ్చి ఆగిపోయాడు. మేడమే ఆ చెయ్యి పట్టుకుంది. తన చేతులకూ అంతే బురద ఉంది. టవళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మెత్తమ్మ, వచ్చినంత మెత్తగానూ వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె చేసిన మొదటి తెలివైన పని అదే.

వినయంగా పడుతున్న వాన అప్పటికి సిగ్గు వదిలేసి గట్టిగా అందుకుంది. అతను చెయ్యి వదలకుండా ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ మాత్రం అతని భుజం మీదుగా లారీ వైపు చూసింది.

"ఎంతసేపు అలా చూస్తారు? అక్కడ మీ పరుపు తడిసి ముద్దవుతోంది. పదండి, మా ఇంట్లో ఆరేద్దాం."