జాబితాలో ఏడో వస్తువు

శనివారం సాయంత్రం ఆరూ ఇరవైకి కొత్త కంప్యూటర్ ఆగిపోయింది. లోపల టప్‌మని చప్పుడైంది. తెర నల్లబడింది. గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన.

దాని ముందు అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చుని ఉన్నారు. చెల్లెలికి పదేళ్లు. మూడు నెలలుగా కంప్యూటర్ భాగాల వీడియోలు తప్ప ఇంకోటి చూడటం లేదని ఇంట్లో ఆమెను ఇంజినీరమ్మ అంటారు. ఆట మొదలుపెట్టి పావుగంట కాలేదు.

అక్క ఆట సంగతి ఎత్తలేదు. "నా డిస్కు?" అంది.

ఆ డిస్కు అక్క పాత కంప్యూటర్‌లోది, తీసి ఈ కొత్తదాంట్లో బిగించారు. రెండేళ్లుగా గీసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. గేములకు బొమ్మలు గీయడం నేర్పే కాలేజీ ఒకటి ఉంది. సీటు కావాలంటే వాటిని బుధవారంలోగా అక్కడికి పంపాలి. ముందు ఆట చూద్దాం, కాపీ తర్వాత తీద్దాం అని చెల్లెలు బతిమాలితే అక్క సరేనంది.

ఎందుకు కాలిందో ఆ ఇంట్లో ఇంజినీరమ్మ ఒక్కదానికే తెలుసు.

ఆ రోజు ఉదయం అక్కకు పరీక్ష ఉంది. అందుకని కొనాల్సిన ఎనిమిది వస్తువులూ కాగితం మీద రాసి చెల్లెలి చేతికిచ్చింది. నాన్న షాపుకి తీసుకెళ్లాడు. ఆయనకు ఆ కాగితంలో ఒక్క ముక్కా అర్థం కాలేదు. మా ఇంజినీరమ్మ చూసుకుంటుందని చెప్పి, ఫోనొస్తే బయటికి నడిచాడు.

షాపులో కంప్యూటర్ భాగాలు బిగించే పెట్టె ఒకటి ఉంది. దానికి ఒక పక్క అద్దం. లోపల ఫ్యాన్లు తిరిగితే రంగులు మారతాయి. అక్క రాసిన పెట్టె రేకుది. అద్దం పెట్టె తీసుకోవాలంటే ఇంకో దాంట్లో ఖర్చు తగ్గించుకోవాలి. ఇంజినీరమ్మ వేలు ఏడో వస్తువు దగ్గర ఆగింది. పవర్ సప్లై. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి భాగాలకు పంచేది అదే. పైకి కనిపించదు. దాని బదులు పేరు లేని చవక రకం ఎంచుకుంది.

ఆ షాపులో కంప్యూటర్లు బిగించే మెకానిక్‌కి ఒక అలవాటు ఉంది. అట్టపెట్టెలు తెరిచే ముందు ఒక్కో వస్తువునూ కొన్నవాళ్ల చేతే చదివిస్తాడు. ఏడో దాని దగ్గర ఆపాడు.

"పాపా, కాగితంలో రాసింది ఇది కాదు. ఆటలు నడిపే ఈ గ్రాఫిక్స్ కార్డుకి ఈ సప్లై చాలదు. పోతే ఇది ఒక్కటే పోదు, పక్కవాటిని కూడా పట్టుకుపోతుంది. లైట్లదేముంది, ఎప్పుడైనా పెట్టుకోవచ్చు."

"అక్కే మార్చమంది" అంది ఇంజినీరమ్మ.

అతను ఇక రెట్టించలేదు. ఇంటి నుంచి తెచ్చిన పాత డిస్కు బిగిస్తూ ఇందులో ఏముందని అడిగాడు. అక్క బొమ్మలని చెబితే, ఇంటికెళ్లగానే ముందు కాపీ తీసుకోమన్నాడు.

ఆదివారం పదింటికి నాన్న కంప్యూటర్‌ను షాపుకి మోసుకెళ్లాడు. ఇంజినీరమ్మ వెంట వెళ్లింది. ఓనరు పెట్టె విప్పి వాసన చూశాడు. సప్లై కాలిందన్నాడు. డిస్కును ఇంకో కంప్యూటర్‌కి తగిలించి చూసి, ఇదీ పోయింది, ఇందులోవి తిరిగి రావన్నాడు. ఈ కార్డుకి ఈ సప్లై ఎందుకు పెట్టావని మెకానిక్‌ని అడిగాడు.

వద్దని పాపకు చెప్పాను సార్ అన్నాడు మెకానిక్.

నాన్న ఆమె వైపు తిరిగాడు. "చెప్పాడా?"

"లేదు" అంది.

మెకానిక్ ఆమె మొహంలోకి చూశాడు. వాదించలేదు. రేపటినుంచి రానక్కర్లేదన్నాడు ఓనరు. మెకానిక్ తన స్క్రూడ్రైవర్లు ఏరి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అక్క భోజనానికి కూర్చుందే గానీ ముద్ద ఎత్తలేదు. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"ఒక్క మాట చెబితే ఆ మెకానిక్ సొమ్మేం పోయింది? నోట్లో నాలుక లేదా?" అంది.

అమ్మ వంత పాడింది. అలాంటివాళ్లను పనిలో ఉంచుకోవడమే తప్పంది.

"చెప్పాడక్కా" అంది ఇంజినీరమ్మ. శనివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా జరిగిందంతా తల ఎత్తకుండా చెప్పింది. షాపులో నాన్న అడిగినప్పుడు ఏమందో కూడా చెప్పింది.

అక్క కంచం వదిలేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"మాకు చెబితే సరిపోదు" అన్నాడు నాన్న.

సోమవారం నాలుగున్నరకు ఇంజినీరమ్మ బడి సంచీతోనే షాపులోకి వెళ్లింది. నాన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆమె బల్ల ముందుకు వెళ్లి ఓనరుకి అంతా చెప్పింది. మధ్యలో రెండుసార్లు నీళ్లు నమిలింది. ఆపలేదు. ఓనరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. జీతం లెక్క చూసుకోమని నిన్నటినుంచి చేస్తున్నా మెకానిక్ తన ఫోను ఎత్తడం లేదన్నాడు. నాన్న లోపలికి వచ్చి తన ఫోను ఆమెకిచ్చాడు. మెకానిక్ నంబరు ఓనరు చెబితే ఆమే నొక్కింది.

అవతల మెకానిక్ పలికాడు.

"శనివారం వచ్చిన పాపను. మీరు చెప్పారు. నేనే వినలేదు. చెప్పలేదని అబద్ధం ఆడాను. ఓనరుగారికి ఇప్పుడే చెప్పేశాను."

"మీ అక్క బొమ్మలు ఇంకెక్కడైనా దొరికాయా?" అని అడిగాడతను.

"లేదు."

ఓనరు అడగమని సైగ చేశాడు. మిమ్మల్ని మళ్లీ పనిలోకి రమ్మంటున్నారని ఆమె చెప్పింది.

"రానని చెప్పు" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఇంజినీరమ్మ ఓనరు వైపు తిరిగి, ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది.