దారం పీకిన సీసా

"అన్నా, తలుపేసెయ్! వాడు నడిచొస్తున్నాడు!"

వీధి చివర నుంచి దర్జీ కేక. మిట్టమధ్యాహ్నం. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అక్క నావైపు తిరిగింది. "ఎవర్రా?"

ఏం చెప్పను? పొద్దున రంపం మిషన్లో చెయ్యి తెగిన అక్క కొడుకు గంట క్రితం పోయాడని చెప్పడానికే వచ్చి, మంచినీళ్లు తాగుతూ కూర్చున్నా.

నాది కృత్రిమ రక్తం తయారుచేసే ల్యాబులో సీసాలు కడిగే పని. చదివింది ఏడో తరగతే, అయినా చెప్తా వినండి. పశువుల నెత్తుట్లోంచి హిమోగ్లోబిన్ తీస్తారు. విడిగా ఎక్కిస్తే ఆ చిన్న ముక్కలు రక్తనాళం గోడలోకి దూరిపోతాయి. గోడను వదులుగా ఉంచే వాయువును మింగేస్తాయి. నాళం పిడికిలిలా బిగుస్తుంది. అందుకే ముక్కల్ని గుత్తులుగా అతికిస్తారు. అలా అతికించింది నింపిన సీసాకి గుర్తుగా తెల్లదారం కడతారు. నాకేమో సీసా కనబడితే చాలు, దారం పీకేసే అలవాటు! పొద్దున మేనల్లుడికి రక్తం దొరక్క ఆసుపత్రి డాక్టరమ్మ "దారమున్నది తే" అంటే, పీకేసినవాటిలోంచి ఉజ్జాయింపుగా ఒకటి అందించా.

తలుపు విరిగి పడింది.

సున్నం కొట్టినట్టు మొహం. తెగిన మణికట్టు నుంచి చుక్క కారడంలేదు. తుప్పు వాసన...

"మావయ్యా..." గుసగుస. "బిగుస్తోంది..."

"నాన్నా!" అంటూ అక్క ఎదురెళ్లింది. ఉన్న ఒక్క చేత్తో ఆమె మెడ పట్టేశాడు. కట్టెలు కొట్టే గొడ్డలితో వాడి భుజం నరికా. ఎముక కనబడింది. నెత్తురు రాలేదు. మళ్లీ నరికా. రాలేదు. అక్క నాలుక బయటికొచ్చింది...

అప్పుడు తట్టింది. గూట్లో ఉన్న అక్క గుండెనొప్పి మాత్ర! నాలుక కింద పెడితే నాళాలు వదులవుతాయని డాక్టరమ్మే అంటుండేది. మాత్రతో వాడి నోట్లోకి వేళ్లు తోశా. కొరికాడు. రెండు వేళ్లు పోయాయి. మాత్ర మాత్రం నిలిచింది.

పట్టు సడలింది.

తెగినచోటల్లా ఒక్కసారిగా చిమ్మింది... గోడలు, పైకప్పు, అన్నం గిన్నె మూత. వాడు కూలాడు. అక్క ఊపిరి పీల్చింది.

వాణ్ణి శ్మశానానికి సాగనంపి వచ్చి, గోడలు కడుగుదామని బకెట్టు తెచ్చా. ఒక్క మరకా లేదు. ఎవర్నడిగినా తాము తుడవలేదన్నారు.

చీకటి పడ్డాక అక్క, దర్జీ, డాక్టరమ్మ, నేను అన్నానికి కూర్చున్నాం. దారం సంగతి నేనెత్తలేదు.

"కాస్త జరగరా, మోకాళ్లు తగులుతున్నాయి," అంది అక్క బొంగురు గొంతుతో.

ఎక్కడికి జరగను? పదిమంది కాళ్లు చాపుకుని తినే గది అది. నా వీపు అప్పుడే గోడకి ఆనింది.

గోడ వెచ్చగా ఉంది...