మూడో గూట్లో మూడు దెబ్బలు

తోరున్ ఊళ్లో రేవు పక్కన ఎర్ర ఇటుకల పాత చర్చి ఒకటుంది. అందులో ఎడమ వరసలో, పాపాలు చెప్పుకునే చెక్క గూళ్లలో మూడోదాని జోలికి ఎవరూ పోరు. ఫాదర్లు కూడా పోరు.

వెనకటికి ఒక చెవిటి ఫాదర్ ఆ గూట్లో కూర్చునే ప్రాణం విడిచాడట. సంగతి తెలియక జనం వరసగా వచ్చి ఆ శవానికే పాపాలు చెప్పుకున్నారట. చెప్పడం అయ్యాక లోపలినుంచి ఫాదర్ చెక్క మీద కొట్టాలి. ఆ చప్పుడు వినబడితేనే మోకాళ్ల మీంచి లేవడం. ఆ రోజు కూడా వినబడిందట... వచ్చిన ప్రతి ఒక్కరికీ... చీకటి పడేదాకా.

ఈ మాటెత్తితే చాలు, గ్రాత్సియన్ బల్ల గుద్దేవాడు. "దెయ్యమూ లేదు, దేవుడూ లేడు!" ఇళ్లల్లో చలి కాచుకునే పెంకుపొయ్యిలు కట్టి కట్టి డెబ్బై రెండేళ్లకు చేరిన ముసలాడు. సబీనా బీరుకొట్టులో నలభై ఏళ్లుగా అదే బల్ల, అదే గుద్దు. ఎదుట కూర్చునే హిపొలిత్ "అంతేరా, అంతే!" అని వంత పాడేవాడు. చచ్చినా చర్చి గడప తొక్కకూడదని ఇద్దరూ ఒట్టేసుకున్నారు.

ఆ ఒట్టును గ్రాత్సియన్ ఏటా ఒక్కరోజు తప్పేవాడు. డిసెంబరు పదమూడు... పోయిన పెళ్లాం ఒతీలియా పేరు పండగ, అంటే ఆ పేరుగల పునీతురాలి రోజు. "నా పేరున ఒక్క కొవ్వొత్తి వెలిగించవయ్యా. నీ మొండితనం ఆ ఒక్క పూట పక్కన పెట్టు" అని పోయేముందు అడిగింది. కాదనలేకపోయాడు. కానీ హిపొలిత్‌కి తెలిస్తే? మిగిలిన ఒకే ఒక్క స్నేహితుడు, మొహాన ఉమ్మేసి పోడూ! అందుకని చలికాలపు పొద్దు నాలుగింటికే గూకగానే, టోపీ ముక్కుదాకా లాక్కుని, దొంగపిల్లిలా దూరేవాడు ఈ మహావీరుడు.

ఆ ఏడూ దూరాడు. కొవ్వొత్తి వెలిగించాడు. మైనం కారి వేళ్ల మీదా కోటు చేతి మీదా పడింది. నోటికొచ్చిన బూతు మింగేశాడు.

అప్పుడే... తలుపు కిర్రుమంది.

అడుగులు. రాతినేల మీద... ఇటే వస్తున్నాయి.

స్తంభం చాటున నక్కుదామంటే పొట్ట బయటే ఉండిపోయింది. దగ్గర్లో ఉన్నది ఒకటే — మూడో గూడు. దెయ్యాలు లేవుగా! తలుపు లాగి ఫాదర్ కూర్చునే చోట కూలబడ్డాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. చలికనుకున్నాడు. చలి మోకాళ్లకే ఎందుకు పట్టిందో మాత్రం ఆలోచించలేదు.

అడుగులు గూటి పక్కనే ఆగాయి. ఎవరో మోకరించారు. చెక్క జాలీ అవతల బరువుగా ఊపిరి... ఉప్పుచేపా పచ్చి ఉల్లిపాయా కలిసిన వాసన.

"ఫాదర్... మీరు చచ్చిపోయారని తెలిసే వచ్చాను. బతికున్నాయనకి చెబితే నన్ను గుర్తుపడతాడు."

గ్రాత్సియన్ చెవి జాలీకి ఆనించాడు. ఆ గొంతు హిపొలిత్‌ది!

"నలభై ఏళ్లుగా దేవుణ్ణి తిడుతున్నాను, ఫాదర్. నమ్మకం లేక కాదు. గ్రాత్సియన్ అని ఒక మొండి గాడిద ఉన్నాడు. ఎదురు చెబితే అలిగి బల్ల మార్చేస్తాడు. వాడు తప్ప నాకెవరున్నారు? వాడి పెళ్లాం పోయేముందు నన్ను పిలిచి, 'మా ఆయన వెలిగించడు, నువ్వైనా వెలిగించు' అంది. ఏటా వెలిగిస్తున్నాను... దొంగచాటుగా."

గ్రాత్సియన్‌కి నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. ఏది ముందు బయటపడుతుందో తెలియక రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. నన్ను నమ్మలేదన్నమాట, మహాతల్లి!

హిపొలిత్ లేవలేదు. చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాడు.

లేచి పోరా... లేచి పో...

టక్... టక్... టక్.

"స్తోత్రం ఫాదర్" అని గొణిగి, హిపొలిత్ కీళ్లు పటపటమనిపిస్తూ లేచి వెళ్లిపోయాడు.

గంట తర్వాత ఇద్దరూ తమ బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఏం మావయ్యా, ఇవాళ బల్ల గుద్దలేదు? చెయ్యి నొప్పా?" అంది సబీనా, బీరు గ్లాసులు పెడుతూ.

హిపొలిత్ ఆ చేతికేసి చూశాడు. "కోటు మీద అదేంట్రా?"

"మైనం."

"ఎక్కడిది?"

గ్రాత్సియన్ తల దించుకున్నాడు. "నువ్వు ఏటా వెలిగించే చోటిదే."

హిపొలిత్ మొహం ఎర్రబడింది. "అంటే... ఆ గూట్లో..."

"నేనే. మొండి గాడిదని."

"ఒరే దొంగ సచ్చినోడా! అంతా విన్నావా!" అని లేవబోయి, కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. గ్రాత్సియన్ కూడా నవ్వాడు. నలభై ఏళ్ల బరువేదో దిగిపోయినట్టయింది.

"ఏమైనా కొట్టడం మాత్రం బాగా కొట్టావురా" అన్నాడు హిపొలిత్, కళ్లు తుడుచుకుంటూ. "అచ్చం ఫాదర్‌లాగే. మూడుసార్లు."

గ్రాత్సియన్ నవ్వు ఆగిపోయింది.

"నేను కొట్టలేదురా... నా రెండు చేతులూ నోటి మీదే ఉన్నాయి."

హిపొలిత్ తన గ్లాసు పక్కకి జరిపాడు.

"దెయ్యాలు... లేవు కదరా?" అన్నాడు.

గ్రాత్సియన్ అలవాటుకొద్దీ పిడికిలెత్తాడు. అది గాల్లోనే ఆగింది. చెక్కబల్ల కేసి ఒకసారి చూసి, చేతిని మెల్లగా దించి ఒళ్లో దాచుకున్నాడు.

"వచ్చే ఏడు ఇద్దరం కలిసే వెళ్దాం" అన్నాడు. "పట్టపగలు."