మూడో తూము కాడ చెప్పులు

మూడో తూము కాడ మలుపు మంచిది కాదు. ఈ ముక్క మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

నడవడానికి చోట్లు కావాలంటే మిగతా ఊళ్ళవాళ్ళకి కొదవేముంది? నర్సరావుపేట వాళ్ళకి స్టేడియం ఉంది. కోటప్పకొండ పక్కన ఉన్నోళ్ళు ఘాట్ రోడ్డెక్కుతారు. విజయపురి సౌత్ వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, డ్యాము గాలి మొగాన కొడతా ఉంటే ఎంత దూరమైనా నడవొచ్చు. మా ఊళ్ళో షుగరొచ్చినోళ్ళకి ఏముంది? బడి గ్రౌండులో గానుగెద్దులాగా తిరగాల. మాచర్ల రోడ్డెక్కితే రాళ్ళ లారీలు మీదికొస్తయ్యి. ఇక మిగిలింది సాగరు కాలవ కట్ట. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క మిరప తోటలు, కాళ్ళ కింద మెత్తటి ఎర్రమట్టి. నడిస్తే అక్కడే నడవాల.

కాకపోతే... రెండో తూము రాగానే అందరూ వెనక్కి తిరుగుతారు.

మూడో తూము మలుపులో నాగేశ్వరరావు విగ్రహం ఉంది. రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసిన మనిషి. పోయి రెండేళ్ళవుతోంది. కొడుకులు దుర్గిలో రాయి చెక్కించి తెచ్చి, ఆయన రోజూ నడిచిన చోటే దిమ్మ కట్టి నిలబెట్టారు. నిలువెత్తు మనిషి. కుడిచెయ్యి పైకెత్తి వేలు చూపిస్తా ఉంటాడు.

అది నిలబెట్టిన కాడ్నించీ — తెల్లారగట్ట చీకట్లో అక్కడ గొంతులు వినపడుతున్నయ్యంట.

ముందు ఒక మగగొంతు. ఎవర్నో తిడతది. కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత... సన్నగా, ఒక ఆడగొంతు నవ్వుద్ది.

పాలవ్యాను తోలే కృపావరం తన చెవులతో విన్నాడు. వెనక క్యాన్లు రెండు దొర్లి కిందపడ్డా బండి ఆపలేదు.

ఈ మాటలు విని మీసాల్లో నవ్వుకునే మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. హనిమయ్య. ఎందుకంటే, ఆ మగగొంతు ఆయనదే.

హనిమయ్యా నాగేశ్వరరావూ ఒక పలక మీద దిద్దుకున్నోళ్ళు. ఆ దిద్దుడు నాగేశ్వరరావుకి అబ్బింది, హనిమయ్యకి అబ్బలేదు. నాగేశ్వరరావుకి ఒక పాడలవాటు ఉండేది. హనిమయ్య ఎక్కడ చెప్పులు విడిస్తే అక్కడ, ఎవరూ చూడకుండా, ఎడమది కుడిపక్కా కుడిది ఎడమపక్కా మార్చి పెట్టేవాడు. పక్కపక్కనే, చక్కగా. చూసుకోకుండా తొడుక్కుని నాలుగడుగులేస్తే తూలిపడాల్సిందే. గుడి కాడ, భోజనాల కాడ, ఆఖరికి హనిమయ్య పెళ్ళినాడు కూడా. పెళ్ళికొడుకు పందిట్లోంచి బయటికొస్తా బోర్లాపడబోయాడు. ఎవరు చేశారో ఆ ఇద్దరికే తెలుసు.

ఆ తర్వాత నీటి సంఘం ఎలక్షనొచ్చింది. హనిమయ్య నిలబడ్డాడు. అందరి ముందరా నాగేశ్వరరావు లేచి, "ఏలిముద్రగాడికి రిజిస్టరు ఎట్లా ఇస్తారయ్యా?" అన్నాడు. నలుగురూ నవ్వారు.

అంతే. హనిమయ్య మూడు నెలలు కూతురి కాడ కూచుని సంతకం నేర్చుకున్నాడు గానీ, ఆ నవ్వు మర్చిపోలేదు. ఇరవై రెండేళ్ళు మాట్లాడలేదు. పేరు కూడా ఎత్తలేదు — 'ఆ మనిషి' అనేవాడు. ఆ ఇరవై రెండేళ్ళూ హనిమయ్య చెప్పులు ఎక్కడ విడిచినయ్యి అక్కడే ఉన్నయ్యి.

నాగేశ్వరరావు పాడె లేచినప్పుడు పోలేదు. విగ్రహానికి దండెయ్యమని కొడుకులొచ్చి పిలిస్తే, వీధిలో అందరూ వింటా ఉండగా, "ఆ మనిషి కాళ్ళ కాడ నేను చెప్పులు విడిచే రోజు ఈ జన్మలో రాదు, పొండి" అన్నాడు.

కానీ మర్నాటి నించీ నాలుగింటికే లేచి, ఎవరూ కట్టెక్కకముందే మూడో తూము దాకా పోవడం మొదలుపెట్టాడు. విగ్రహానికి పదడుగుల దూరంలో ఆగి, గొంతు సవరించుకుని, ఒక్క తిట్టు తిట్టి వచ్చేవాడు. రోజుకి ఒకటే. ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ ఆ నెలలో తిట్టేవాడు కాదు. ఆ విషయంలో చానా నిక్కచ్చి.

దెయ్యం పుకారుతో ఆ చోటు తనొక్కడికే మిగిలిందని సంబరపడ్డాడు కూడా. ఆ ఆడనవ్వొక్కటే... అది జనం కల్పించుకున్నదిలే అని సరిపెట్టుకున్నాడు. ఆయన చెవులు ఎట్లాగూ అంతంత మాత్రం.

ఈమధ్య కంటి ఆపరేషనుకి గుంటూరు పోయి, కూతురింట్లో పది రోజులుండి వచ్చాడు. వచ్చిన సాయంత్రం టీ కొట్టు కాడ మోటారు మెకానిక్కు ఇమాం సాహెబు పక్కకొచ్చి కూచున్నాడు.

"అన్నా, రేపు రెండో తూము కాడే మళ్ళుకో. మూడో తూము దాకా పోబాక."

"ఏంది, నీ దెయ్యం ఇంకా చావలేదా?"

ఇమాం సాహెబు గొంతు తగ్గించాడు. "నువ్వు లేని పది రోజులూ మగగొంతు వినపడలేదంట. ఒట్టి ఆడగొంతే... 'ఇంకా రాలేదే... ఇయ్యాల కూడా రాలేదే...' అంటా ఉందంట."

హనిమయ్య తల తిప్పి చూశాడు. చుట్టూ నలుగురూ తననే చూస్తున్నారు. గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాడు.

"నేను పోతా. ఆడదెయ్యమైతే ఏంది, మగదెయ్యమైతే ఏంది? హనిమయ్య వెనక్కి తిరిగాడని ఒక్కడు చెప్పమను!"

తెల్లారగట్ట బయల్దేరాడు. కిర్రు చెప్పులు తొడుక్కున్నాడు. మాచర్లలో కొలతిచ్చి కుట్టించుకున్నయ్యి, అడుగేస్తే వీధి చివరికి వినపడతయ్యి. ఊరంతట్లో అట్లాంటియ్యి ఆయనకే ఉన్నయ్యి. పది రోజుల బాకీ ఉంది కదా, పది తిట్లూ గుంటూరులోనే కూర్చి పెట్టుకున్నాడు.

మొదటి తూము దాటాడు. రెండోది దాటాడు. కాలవలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. కిర్రు... కిర్రు... కిర్రు...

మలుపు తిరిగాడు.

పదడుగుల దూరంలో ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. తలెత్తాడు —

నాగేశ్వరరావు లేడు.

ఆ దిమ్మ మీద తెల్లటిదొకటి నిలబడి ఉంది. మనిషెత్తు. మొగం లేదు. కళ్ళు లేవు. ఒక్క చెయ్యి మాత్రం పైకి లేచి ఉంది. గాలి తగిలితే అది ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతోంది... మళ్ళీ తగ్గుతోంది...

కొత్త కన్ను మసకలేమో అనుకున్నాడు. రెప్పలార్చి మళ్ళీ చూశాడు, తెల్లది అక్కడే ఉంది. పది తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు.

అప్పుడు ఆ తెల్లదాంట్లోంచి, చెవిలో చెప్పినట్టు —

"ఏం... ఇయ్యాల తిట్టవా?"

డెబ్బై ఏళ్ళ మనిషి అట్లా పరిగెత్తగలడని హనిమయ్యకే తెలియదు. రెండో తూము గోడ చేతికి తగిలిందాకా ఆగలేదు. గోడ పట్టుకుని రొప్పుతా నిలబడ్డాడు. అరికాలికి గులకరాయి గుచ్చుకుంది.

కిందికి చూసుకున్నాడు. చెప్పులు లేవు.

ఒకటి మలుపులోనే ఊడింది. రెండోది నాలుగంగల్లో ఎటో ఎగిరింది. ఇంకో గంటకి తెల్లారుద్ది. మిరప కోతకి పోయే కూలీల ఆటో ఆ మలుపు మీదగానే పోవాల. ఆ కిర్రు చెప్పులు నాగేశ్వరరావు ముందర పడి ఉండటం చూస్తారు. సాయంత్రానికి టీ కొట్టు కాడ ఏమనుకుంటారు? — 'హనిమయ్య చీకటితో పోయి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని వచ్చాడంట!'

దెయ్యం పీక పిసికితే ఒక్కసారే పోతాడు. ఈ మాట పడితే బతికున్నన్నాళ్ళూ రోజూ పోవాల.

హనిమయ్య వెనక్కి తిరిగాడు.

ఈసారి చప్పుడు లేదు. ఒట్టికాళ్ళు. మలుపు కాడికి వచ్చి, కళ్ళు సగం మూసుకుని అన్నాడు —

"ఇదిగో... నా చెప్పులు నాకియ్యి. మన తగాదా మనది. చెప్పుల జోలికి రాబాక."

తెల్లది కదల్లేదు. దాని వెనక నించి ఇంకొకటి... మెల్లగా... బయటికొచ్చింది.

"హనిమయ్యన్నా, పడతావు, ఆగు. నేనే, వెంకాయమ్మని."

చిన్న టార్చిలైటు వెలిగింది. నాగేశ్వరరావు భార్యే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది.

"నువ్వా?... మరి ఇదేంది?"

"కోడంట అన్నా. ఎలక్షన్లొస్తున్నయ్యిగా, బొమ్మలు కనపడకూడదంట. నిన్న పొద్దుగూకినాక పంచాయతీ వాళ్ళొచ్చి గుడ్డ చుట్టి పురికొస కట్టిపోయారు. బతికున్నప్పుడు ఈయన నోరు ఎవడన్నా మూయించాడా? ఇప్పుడు మూశారు."

హనిమయ్య కళ్ళు పూర్తిగా తెరిచాడు. వెంటనే కోపమొచ్చింది. "అయితే ఆ నవ్వేది..."

"నేనే. నాకూ షుగరేగా. పొద్దెక్కి నడుద్దామంటే ఎదురైన ప్రతిదీ 'అయ్యో వెంకాయమ్మా' అని మొదలుపెడతది. అందుకని మా వైపు నించి చీకటితోనే వచ్చి, ఈ దిమ్మ వెనక్కి చేరగిలబడి కాసేపు కూచుంటా. నీ తిట్టు విని ఇంటికి పోతా."

"రోజూనా?"

"'ఎండు మునక్కాయ మొగమోడా' అన్నావు చూడు, ఆ రోజు మధ్యాన్నం అన్నం తింటా కూడా నవ్వొచ్చింది. నిజమే, అట్లానే ఉండేవాడు."

హనిమయ్యకి ఎటు చూడాలో తెలియలేదు. కాలవ వైపు చూశాడు.

వెంకాయమ్మ నవ్వు ఆపింది. "ఇంట్లో ఎవరూ ఆయన ఊసే ఎత్తరన్నా. కొడుకులు ఏడాదికోసారి దండేసి ఫోటో దిగి పోతారు. ఆయనతో మాట్లాడే మనిషివి నువ్వొక్కడివే. పది రోజులు నువ్వు రాకపోతే ఆయనకేమీ తోచలేదు."

'ఆయనకా, నీకా?' అనబోయి ఊరుకున్నాడు.

"చెప్పులు..." అన్నాడు.

టార్చి దిమ్మ కింద నేల మీదికి తిరిగింది. విగ్రహం కాళ్ళ ముందర, పక్కపక్కనే, చక్కగా ఉన్నయ్యి చెప్పులు. హనిమయ్య గబగబా పోయి కాళ్ళు దూర్చాడు.

"ఇయ్యి ఇక్కడ ఉన్న సంగతి..."

"నేనెవరికి చెబుతా? నేనిక్కడ కూచుంటానని నువ్వు చెప్పబాక."

"సరే." రెండడుగులేసి ఆగాడు. హనిమయ్య ఎవరికీ ఊరికే మెప్పు మాట ఇచ్చే మనిషి కాదు. అయినా అన్నాడు — "ఎక్కడో పడ్డయ్యి తెచ్చి సర్ది పెట్టావు. మంచి పని చేశావులే."

"ఏంటియ్యి?"

"చెప్పులు."

"నేనా?" వెంకాయమ్మ కొంగు తప్పించి, నడుముకి చుట్టిన వెడల్పాటి బెల్టు మీద లైటు వేసి చూపించింది. "ఆరు నెలల నించీ నడుం వంగదన్నా నాకు. నా చెప్పులకే కోడలు వంగాల. నువ్వు పరిగెత్తినాక నేను ఆ వెనక నించి కదలనే లేదు..."

ఇద్దరూ ఒకసారి ఆ తెల్లగుడ్డ వైపు చూశారు. గాలి లేదు. గుడ్డ మాత్రం ఉబ్బింది... మళ్ళీ తగ్గింది.

వెంకాయమ్మ నవ్వలేదు. "తెల్లారొస్తంది, పో అన్నా" అని, నడుం నొప్పి సంగతి మర్చిపోయినట్టు చకచకా తన దారిన పోయింది.

హనిమయ్య కూడా వెనక్కి చూడకుండా నడిచాడు. కిర్రు... కిర్రు... నాలుగో అడుగులో తూలాడు. బొటనవేలు చెప్పు దాటి బయటికొచ్చి మట్టి తాకుతోంది. మడమ కాడ పట్టీ ఒరుసుకుంటోంది. కొలతిచ్చి కుట్టించిన చెప్పులు, ఎందుకు పట్టవు?

తూర్పున కాస్త తెలుపు పడింది. వంగి చూసుకున్నాడు.

ఎడమది కుడికాలికి ఉంది. కుడిది ఎడమకాలికి ఉంది.

చెప్పు విప్పి మార్చుకోవడానికి చెయ్యి పట్టీ దాకా పోయింది... ఆగింది. లేచి, తూలుతా, ఆ చెప్పులతోనే నడిచాడు.

రెండో తూము కాడ ఇమాం సాహెబు ఎదురొచ్చాడు.

"అన్నా! పోయొచ్చావా? ఏమన్నా కనపడిందా? ... అదేందన్నా, చెప్పులు అటుదిటు తొడుక్కున్నావు?"

చీకట్లో చూసుకోలేదని చెబుదామనుకున్నాడు. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"నేను కాదురా ఇమామూ," అన్నాడు. "మన నాగేసుగాడు మార్చాడు."

ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ పేరు ఆయన నోట వినడం ఇమాం సాహెబుకి అదే మొదలు. ఆ రోజు నించీ ఇమాం సాహెబు కాలవ కట్ట ఎక్కలేదు. బడి గ్రౌండులో గుండ్రంగా తిరుగుతున్నాడు.

హనిమయ్య మాత్రం రోజూ మూడో తూము దాకా పోతానే ఉన్నాడు. ఎలక్షన్లయిపోయి గుడ్డ విప్పేశారు, అయినా పోతాడు. పోయి, దిమ్మ ముందర చెప్పులు విడుస్తాడు. పదడుగులు దూరంగా పోయి, వీపు తిప్పి నిలబడి, తిట్టాల్సిన తిట్టు తిడతాడు. కాసేపు ఆగుతాడు. దిమ్మ వెనక వెంకాయమ్మ నవ్వినాక వచ్చి, కిందికి చూడకుండా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటాడు.

కొన్ని రోజులు తూలుతా వస్తాడు. కొన్ని రోజులు చెప్పులు ఏ కాలివి ఆ కాలికే ఉంటయ్యి. అట్లాంటి రోజు పొద్దుగూకిందాకా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు.