పావు తిప్పు వెనక్కి

“వాడు ప్రాణాలతో కావాలి, కమాండర్. అర్థమైందా?” ఫోన్లో చీఫ్ గొంతు.

“అర్థమైంది సార్,” అన్నాడు ధర్మరాజు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

వీరచక్ర కమాండర్ ధర్మరాజు ఇప్పుడు బర్మాలోని యాంగోన్‌లో, పజుండౌంగ్ పేటలోని తెలుగు చర్చి పెరట్లో, పెట్టుడు గడ్డంతో, లుంగీ ఎగ్గట్టి ఆదివారం విందుకు మేక కూర కలుపుతున్నాడు. గరిటె పిడిలో మైక్రోఫోన్ ఉంది.

ఆరేళ్ళ క్రితం యుద్ధంలో అతని సబ్‌మెరైన్ జాడను శత్రువుకు అమ్మేశాడు, అందులోనే పనిచేసే దండాసి. బయల్దేరే ముందురోజే మాయమయ్యాడు దొంగ వెధవ! టార్పెడో తగిలాక, చేతులు కాలుతున్నా హ్యాచ్ తెరిచి పదిహేడు మందిని పైకి పంపాడు ధర్మరాజు. నలుగురు లోపలే మునిగిపోయారు. పతకం అందుకుంటున్నప్పుడు కూడా ఆ నలుగురే కళ్ళలో మెదిలారు.

ఇవాళ దండాసి అమ్మబోయేది కొత్త సబ్‌మెరైన్ ఇంజిన్ చప్పుడు రికార్డు. అది శత్రువు చేతిలో పడితే ఆ సబ్‌మెరైన్ సముద్రంలో ఎక్కడ దాక్కున్నా దొరికిపోతుంది. అందులో అరవై మంది ఉన్నారు.

నల్లకళ్ళద్దాల జూలియట్ పళ్ళెంతో వచ్చింది. ఆమె రెండు పక్షాలకూ పనిచేస్తుంది.

“ఏటి బాబూ, కూర మాడిపోతంది!” అని గొంతు తగ్గించింది. “ఆ బెంచీమీది నలుగురు పెద్దల్లో ఒకడు దండాసి. మొకం మార్పించేసుకున్నాడు. ఎవుడో నాకూ తెల్దు.”

“ఇంతకీ నువ్వెవరి పక్షం?”

“కూర రుచి సూసి సెప్తాను.”

నలుగురూ చేతులు కడుక్కోవడానికి లేచారు. మూడోవాడు, పాటల పుస్తకం చంకలో పెట్టుకున్నవాడు, కుళాయి చక్రాన్ని పూర్తిగా తిప్పి, మళ్ళీ పావు తిప్పు వెనక్కి తిప్పాడు.

ధర్మరాజు ఒళ్ళు భగ్గుమంది. తెరిచిన వాల్వు బిగుసుకుపోకుండా సబ్‌మెరైన్లో అలా చేస్తారు. ఆ అలవాటు దండాసికి మొట్టికాయలు వేసి మరీ నేర్పింది తనే!

ఇంతలో తెల్లచొక్కా విదేశీయుడొకడు వచ్చి పుస్తకం కోసం చెయ్యి చాపాడు. వేళ్ళు అట్టకు తగిలాయి.

సలసల కాగే కూర గరిటెడు ఆ చేతిమీద పడింది. వాడు కెవ్వుమన్నాడు. పుస్తకం ధర్మరాజు చేతికొచ్చింది, అట్టలోపల చిప్ తగిలింది. విదేశీయుడి డొక్కలో జూలియట్ పిస్టల్ గుచ్చుకుంది.

“కూర బాగుంది,” అంది.

ధర్మరాజు గడ్డం పీకేశాడు. దండాసి మొహం పాలిపోయింది.

“మీరా సార్! నన్ను సంపీకండి బాబూ!”

“వాళ్ళూ బతకాలనే అనుకున్నార్రా!”

మెడ పట్టి కుళాయికింది తొట్టిలో ముంచాడు. “ఇది వీరన్నకి!” పైకి లాగి మళ్ళీ ముంచాడు. “ఇది రాంబాబుకి!” మూడోది సూరికి. నాలుగోది ఎలీజాకి. ఈసారి, ఆనాడు హ్యాచ్ దగ్గర కాలిన ధర్మరాజు చేతులు చాలాసేపు పైకి రాలేదు.

ఫోన్ మోగింది. అప్పుడు లాగాడు.

“వాడు ప్రాణాలతోనే ఉన్నాడా?” అన్నాడు చీఫ్.

“ఉన్నాడు సార్. కాస్త తడిశాడంతే.”