పదకొండింటికి ముందు నీలి తెర

“పదకొండింటికి మన మనిషిని కాల్చబోతున్నారు. ఎక్కడన్నది ముఠా కంప్యూటర్లో ఉంది. తీయించు,” అన్నాడు చీఫ్. “ఎవరినన్నది మాత్రం ల్యాబ్‌లో నోరు జారకు.”

ఏజెంట్ డేగకు అది ఎవరో తెలుసు. ఆరు నెలలుగా టైపిస్టు వేషంలో ఆ విదేశీ ముఠా మధ్య మసలుతున్న తన సొంత అక్క. ఆమె దగ్గర ఫోన్ ఉండదు. చోటు తెలిస్తే తప్ప ఆమెను కాపాడలేరు. అతను మెట్లు రెండేసి చొప్పున దిగాడు. టైము పది ముప్పై ఎనిమిది.

ల్యాబ్‌లో బల్ల మీద ఉంది ముఠా వాళ్ల ఆ పాత కంప్యూటర్ డబ్బా. దాన్ని పొద్దున ముఠా గూటి నుంచి ఎత్తుకొచ్చిన డబుల్ ఏజెంట్ మేడమ్, పట్టు గ్లవ్స్‌తో, సెంటు ఘుమఘుమలతో కుర్చీలో వాలి ఉంది. కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతున్న టెక్నీషియన్ డేగకు స్వయానా బావ, ఆ అక్క మొగుడే.

విండోస్ బొమ్మ వచ్చింది. నీలి తెర మెరిసింది. మెషీన్ మళ్లీ మొదటికొచ్చింది.

“ఇది ఐదోసారి,” అన్నాడు బావ.

“పొద్దున బాగానే ఆన్ అయిందన్నారుగా!”

“అయింది. గడియారం తప్పు చూపిస్తోందని బోర్డు మీద బ్యాటరీ మార్చాను. మెషీన్ లేవగానే చదువుకునే బయోస్ సెట్టింగులన్నీ డీఫాల్ట్‌కి తెచ్చాను. ఏ మెషీన్ వచ్చినా ముందు అదే చేస్తాం కదా.”

“పాతవి రాసిపెట్టుకున్నారా?”

“ఎప్పుడూ రాయలేదే.”

డేగకు ఒళ్లు మండిపోయింది. ముఠా వాళ్లు చేయలేని పని ఇంటి మనిషి బ్యాటరీతో చేసిపెట్టాడు.

“డిస్కు పోయింది. ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసుకోండి,” అంది మేడమ్ తీరిగ్గా.

బావ తలూపి సీడీ అందుకున్నాడు. డేగ దాన్ని లాక్కుని గోడకేసి కొట్టాడు.

“బుద్ధుందా నీకు?” పదేళ్లుగా ‘మీరు’ తప్ప అనని నోరది. “ఫార్మాట్ చేస్తే ఫైలూ పోతుంది, చచ్చేది మా అక్క! నీ పెళ్లాం!”

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తెర మీదికి వంగాడు.

“డిస్కు పోతే ఆ బొమ్మ కూడా రాదు. ఈ పాత విండోస్‌ని ఐడీఈ మోడ్‌లో, అంటే డిస్కును చదివే పాత పద్ధతిలో, ఎక్కించి ఉంటారు. నేను పెట్టిన డీఫాల్ట్ దాన్ని కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చేసింది. దానికి డ్రైవర్ లేదు. డిస్కు కళ్లెదుటే ఉన్నా దీనికి కనపడట్లేదు!”

అతను రీస్టార్ట్ చేసి, బయోస్ తెరవడానికి డిలీట్ కీ మీద వేలు పెట్టాడు. మేడమ్ చటుక్కున లేచింది. ఆమె లిప్‌స్టిక్ మూత తీస్తే లోపల యూఎస్‌బీ ఉంది. అది గుచ్చితే బోర్డు మాడిపోతుంది. డేగ ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు.

“మీ నమ్మకం కోసం తెచ్చిచ్చాను,” అని బుసకొట్టింది ఆమె. “పదకొండు దాటాక తెరుచుకుంటే నాకేం?”

“నోర్ముయ్!”

బావ సెట్టింగు మార్చాడు: సాటా మోడ్. ఐడీఈ. సేవ్. విండోస్ బొమ్మ వచ్చి, ఈసారి నిలిచింది. పది యాభై నాలుగుకి ఫైలు తెరుచుకుంది: పోస్టాఫీసు, మూడో కౌంటర్. డేగ వైర్‌లెస్‌లో గొంతు చించుకున్నాడు. ఆ దగ్గర్లో గస్తీ తిరుగుతున్న మనవాళ్లు పదకొండుకు నిమిషం ముందు క్యూలోనే తుపాకీవాడిని నేలకు అదిమేశారు.

కాసేపటికి మనవాళ్ల వైర్‌లెస్‌లో అక్క గొంతు. “ఇంత ఆలస్యమేంట్రా? వాడు నా వెనకే నిలబడ్డాడు!”

“మీ ఆయన సెట్టింగులు సరిచేశాడక్కా.” డేగ కోపం ఇంకా దిగలేదు.

అక్కకు సంగతి అర్థమైపోయింది.

“ఆయనకివ్వు.”

డేగ వైర్‌లెస్‌ని బావకు అందించబోయాడు. ఏజెన్సీ చరిత్రలో మొదటిసారి బావ, దేన్నైనా ముట్టుకోవడానికి ముందు ఆలోచించాడు.